ఎవరి బోర్డులోనూ లేని గడి

పట్నాల విశ్వేశ్వరరావు మాస్టారికి జబ్బు నయమైపోయింది. సోమన్నపేట జిల్లా ఆసుపత్రిలో ఆ వేసవిలో వచ్చిన చిక్కులన్నిటికీ అదే మొదలు.

మాస్టారు నెమ్ము చేసి, ఆయాసంతో వచ్చి మగవాళ్ళ వార్డులో చేరారు. డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. భార్య వరహాలమ్మ పోయి నాలుగేళ్ళు కావస్తోంది. ఇంట్లో ఒక్కరే. అలాంటివాళ్ళు ఓ పట్టాన కోలుకోరని వార్డులో అనుభవమున్నవాళ్ళు తీర్మానించుకున్నారు. మాస్టారు ఎవరి అనుభవాన్నీ ఖాతరు చేయకుండా, శనివారం పొద్దుటికల్లా జ్వరం తగ్గి, దగ్గు తగ్గి, ఇడ్లీలో ఉప్పు తక్కువైందని కనిపెట్టే స్థితికి వచ్చేశారు.

డ్యూటీ డాక్టరు హైమవతి వీపు మీద స్టెతస్కోపు పెట్టి రెండు పక్కలా విని, "శుభ్రంగా ఉంది మాస్టారూ. ఇంక ఇంటికి వెళ్ళిపోవచ్చు" అంది.

"గురువారం లోపల పంపిస్తావా అమ్మా?"

"గురువారం దాకా ఎందుకండీ? ఇవాళ మధ్యాహ్నం భోజనం మీ ఇంట్లోనే చేద్దురుగాని."

మాస్టారి ప్రాణం కుదుటపడింది. గురువారం వరహాలమ్మ పోయిన రోజు. ఆవిడ పోయే ముందు, మంత్రాలూ తంతులూ తనకి అక్కర్లేదని చెప్పి, "ఏడాదికోసారి మీ చేత్తో వండి, ఎవరో ఒక మనిషికి కడుపు నిండా పెట్టండి, చాలు" అంది. కాపురం చేసినన్నాళ్ళూ ఆయన్ని పొయ్యి దగ్గరికి రప్పించలేకపోయిన ఇల్లాలు, పోయాక సాధించింది. మొదటి ఏడాది మాస్టారు వండిన పప్పుని గ్యాసుబండ తెచ్చిన కుర్రాడు మర్యాదకి తిన్నాడు. రెండో ఏడాది పోస్టుమాస్టరుగారు నిజంగానే తిన్నారు. పోయినేడు వీధి ఊడ్చే ఆమె కూర మారు వేయించుకుంది. ఏడాది పొడుగునా మాస్టారికి ఉన్న ముఖ్యమైన పని అదొక్కటే. పేపరు చదవడం లాంటివి ఉన్నా అవి ఎవరికోసమూ చేసేవి కావు.

డాక్టరు తన చేతిలో ఉన్న పలక తెరిచింది. ఈ రోజుల్లో ఆసుపత్రుల్లో పలకంటే టాబ్లెట్ అని అర్థం. మింగేది కాదు, చూసేది.

ఆ పలకలోకి ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డు అనే సాఫ్ట్‌వేరు వచ్చి ఏడాదైంది. మొదట్లో అందరికీ ఒకటే తెర ఉండేది. గజిబిజిగా, ఊరి చివర కిరాణా కొట్టులా, అన్నీ ఉండి ఏదీ చటుక్కున దొరక్కుండా ఉండేది. అయినా వెతికితే దొరికేది. ఆ లోపాన్ని సవరించడానికి సూపరింటెండెంటు డాక్టర్ చిదానందంగారు సర్క్యులర్ జారీ చేశారు.

"ప్రతి ఉద్యోగియు తన బాధ్యతకును, అభిరుచికిని అనుగుణముగా తన డ్యాష్‌బోర్డును తానే నిర్మించుకొనవలెను. స్పష్టత దృష్ట్యా బోర్డునందలి గళ్ళ సంఖ్య ఆరుకు మించరాదు. బోర్డుపై లేని పనికి ప్రభుత్వ సమయమును వెచ్చించుట క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణింపబడును."

ఆసుపత్రి మొత్తానికి సొంతిల్లు కట్టుకున్నంత సంబరం వచ్చింది. ఒకరు గళ్ళ చుట్టూ మల్లెపూల అంచు పెట్టుకున్నారు. ఎక్స్‌రే విభాగం వెనకాల సముద్రం బొమ్మ పెట్టింది. మందులిచ్చే కౌంటరువాళ్ళు తమ బోర్డుకి గృహప్రవేశం చేసి లడ్డూలు పంచారు. పని బాగా సాగుతుంటే గడి ఆకుపచ్చగా ఉంటుంది, కాస్త నలిగితే పసుపు, ఆగిపోతే ఎరుపు. ఎర్ర గడి ఉన్నవాళ్ళు సోమవారం మీటింగులో లేచి నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి.

ఆరే గళ్ళు పెట్టుకోమంటే మనిషన్నవాడు ఏవి పెట్టుకుంటాడు? తన చేతిలో ఉన్నవీ, తనకి మంచి పేరు తెచ్చేవీ పెట్టుకుంటాడు. డిశ్చార్జి అనే పనికి డాక్టరు సంతకం కావాలి, నర్సు సంతకం కావాలి, లేబొరేటరీ సరేననాలి, మందుల కౌంటరు ఊఁ అనాలి. నలుగురి మీద ఆధారపడిన గడి ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది. పాడు గడి తనకెందుకు, ఇంకొకరెవరో పెట్టుకునే ఉంటారని ప్రతివారూ అనుకున్నారు. కొత్త బోర్డులు వచ్చి వారమైంది. పాత తెర మీద చేరినవాళ్ళు పాత తెర మీదే వెళ్ళిపోయారు. కొత్త బోర్డుల మీద చేరి, నయమైన మొట్టమొదటి మనిషి విశ్వేశ్వరరావు మాస్టారు.

హైమవతి తన ఆరు గళ్ళూ పైనుంచి కిందికి, కింద నుంచి పైకి చూసింది. "నా దాంట్లో లేదు. సిస్టర్ దగ్గర ఉంటుందిలెండి."

హెడ్ నర్సు రూతమ్మ తన పలక చూసుకునే అవసరం కూడా లేకుండానే అంది. "నా దగ్గరెందుకుంటాదండీ డాక్టరుగారూ? రోగం కుదిరిందనేది మీరు. పంపించీది మీరు."

"ఆపరేషన్ థియేటరు బోర్డులో?"

"ఆళ్ళకి పంపించీడంతో పనేటండీ? కొయ్యడం వరకే కదా."

లేబొరేటరీకి ఫోన్ చేశారు. వాళ్ళ దగ్గర లేదు. అంబులెన్సువాళ్ళ దగ్గర లేదు. రికార్డు రూములో గుమస్తా, ఎవరో అడుగుతారని ముందే తెలిసినట్టు, "నాను నేదని రాసి ఇచ్చీగలను" అన్నాడు.

"పోనీలెండమ్మా, నేను నడిచి వెళ్ళిపోతాను. గేటు బయటే ఆటోలున్నాయి కదా" అన్నారు మాస్టారు, చెప్పుల కోసం మంచం కింద చూస్తూ.

రూతమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "అంత పని చెయ్యకండి బాబూ. 'చెప్పకుండా పోయిన రోగులు' అని నా బోర్డులో గడుంది. సున్నా మీద పచ్చగా ఉన్నాది. మీరు గేటు దాటితే ఒకటైపోతాది. పోయినేడే ఒక మెమో తిన్నాను. ఇంకోటి తింటే నన్ను ఏజెన్సీ కొండల మీదికి తోలేస్తారు."

"నీకు చెప్పే వెళుతున్నాను కదమ్మా."

"నాకు సెప్తే సెప్పినట్టు కాదండి. బోర్డుకి సెప్పాలి."

మాస్టారు చెప్పుల్ని మళ్ళీ మంచం కిందికి తోసేశారు. ఆయాసంతో వచ్చిన మొదటి రాత్రి ఆవిడ దిళ్ళు సర్ది కూర్చోబెట్టిన తీరు ఆయనకి గుర్తుంది. వీపు నిమిరిన చేతికి మెమో ఇప్పించడం ఆయన వల్లయ్యే పని కాదు.

మధ్యాహ్నం ఆయన సూపరింటెండెంటుగారి గదికి వెళ్ళారు. గోడ నిండా టీవీ. టీవీ నిండా ఆకుపచ్చ. వరిచేను గట్టు మీద నిలబడినట్టుంది. పక్కన మెడలో కార్డు వేసుకున్న యువకుడొకడు కూర్చుని ఉన్నాడు. సాఫ్ట్‌వేరు కంపెనీ పంపిన డ్యాష్‌బోర్డు సమన్వయకర్త, పేరు తేజోవర్ధన్.

చిదానందంగారు నెమ్మదస్తులు. ఎవరు ఏం చెప్పినా వింటారు. విన్నాక తాము ముందే అనుకున్నది చెబుతారు.

"మాస్టారూ, మీరు విద్యావంతులు కనుక మనవి చేస్తున్నాను. ఈ సంస్థ ఇప్పుడు పారదర్శకత అనే ప్రస్థానంలో ఒక కీలక దశలో ఉన్నది. 'రోగి సంతృప్తి' అనే అంశాన్ని నేను స్వయంగా పర్యవేక్షిస్తున్నాను. మీరు సంతృప్తిగా ఉన్నారా?"

"వైద్యం బాగా చేశారండి. కాదనకూడదు."

"చూశావా తేజోవర్ధన్, ఆకుపచ్చ."

"ఇంటికి పంపిస్తే ఇంకా సంతృప్తిగా ఉంటాను."

"ఆకుపచ్చ పైన రంగు లేదు మాస్టారూ" అన్నారు చిదానందంగారు, నిజంగా విచారిస్తూ.

తేజోవర్ధన్ కల్పించుకున్నాడు. "డిశ్చార్జి ఫీచరు సిస్టంలో ఉంది సార్. చాలా అందంగా చేశాం. నొక్కితే చిన్న పావురం ఎగురుతుంది. ఎవరూ సెలెక్ట్ చేసుకోలేదంతే."

"అయితే ఇప్పుడు ఎవరైనా ఒకరు పెట్టుకోవచ్చు కదా బాబూ?"

"కుదరదండి. వచ్చే నెల రాష్ట్రస్థాయి బృందం వస్తోంది, ఉత్తమ డ్యాష్‌బోర్డుల పోటీకి. అంతవరకు బోర్డులన్నీ లాక్ చేసేశాం. ఇప్పుడు ఒక్క గడి కదిపినా మొత్తం మళ్ళీ ఆమోదానికి వెళ్ళాలి."

"నాకు గురువారం ఇంట్లో పనుంది. వంట చేయాలి."

"ఎవరికి?" అన్నారు చిదానందంగారు.

"అది ఇంకా తెలీదండి."

అతిథి ఎవరో తెలియని భోజనం ఏ గడిలో వేయాలో వాళ్ళిద్దరికీ తోచలేదు. చివరికి సూపరింటెండెంటుగారు లేచి మాస్టారి భుజం మీద చెయ్యి వేశారు. "మీ అభ్యర్థన సానుభూతితో పరిశీలించబడుతుంది. ఈలోగా మీరు మా రోగిగా నిశ్చింతగా ఉండండి."

నిశ్చింతగా ఉండనిచ్చిందీ లేదు. ఆదివారం పొద్దున్నే హైమవతి వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. అడగలేక అడుగుతున్న మొహం.

"మాస్టారూ, మీకు ఎక్కడైనా, కొంచెమైనా, నొప్పి ఉందా?"

"లేదమ్మా."

"బాగా ఆలోచించండి. 'రోగం లేని రోగులు' అని నా బోర్డులో ఒక గడి పసుపైంది. మీరే."

పిల్ల కళ్ళ కింద నల్లటి చారలు చూసి మాస్టారికి జాలేసింది. "మోకాలు, మెట్లెక్కేటప్పుడు అప్పుడప్పుడు కలుక్కుమంటుంది" అన్నారు, లేని గొప్ప చెప్పుకుంటున్నవాడిలా సిగ్గుపడుతూ.

"చాలా థాంక్సండి" అని ఆమె కళ్ళు తుడుచుకుంది.

మధ్యాహ్నానికి ఆయన్ని ఎముకల వార్డుకి మార్చారు. అక్కడ కాళ్ళు పైకి కట్టేసి ఉన్నవాళ్ళ మధ్య మాస్టారు ఒక్కరే అటూ ఇటూ నడుస్తూ, అందరికీ మంచినీళ్ళు అందిస్తూ కాలక్షేపం చేశారు. మంచాలు చెక్క మంచాలు. చాలా కాలానికి నడుం హాయిగా ఉంది. ఉన్నంతలో అదొక మేలనుకున్నారు.

కానీ ఎముకల వార్డులో 'సగటు బస' అని ఒక గడి ఉంది. రోగి ఒకే వార్డులో ఎక్కువ కాలం ఉంటే అది పసుపవుతుంది. వార్డు మారిస్తే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. ఈ కిటుకు తేజోవర్ధన్ కనిపెట్టాడు. దానికి 'చలనశీల సంరక్షణ' అని పేరు కూడా పెట్టాడు. సోమవారం మీటింగులో చప్పట్లు కొట్టారట. సాయంత్రానికి మాస్టారు కంటి వార్డులో ఉన్నారు.

అక్కడ ఊరికే కూర్చోబెడితే బాగుండదని కళ్ళు పరీక్ష చేసి కొత్త జోడు ఇచ్చారు. పాత జోడు వరహాలమ్మ ఉండగా చేయించింది. కొత్తవి పెట్టుకుని కిటికీలోంచి చూస్తే, ఎదురుగా ఉన్న వేపచెట్టు ఆకు అంచున రంపపు పళ్ళు ఒక్కొక్కటే విడివిడిగా కనిపించాయి. ఇన్నేళ్ళుగా వేపాకుని గుర్తు మీదే చూస్తున్నాను కాబోలు అనుకుని, మాస్టారు చాలాసేపు ఆ కిటికీ దగ్గరే ఉండిపోయారు. ఆసుపత్రి మీద ఆయనకి కోపం నిలవనివ్వకుండా ఎవరో ఒకరు ఏదో ఒక మంచి చేస్తూనే ఉన్నారు. అదే పెద్ద చిక్కైపోయింది.

మంగళవారం ఆయన ఇంకో దారి ఆలోచించారు. ఇంటికి పోనివ్వకపోతే పోయె, ఆసుపత్రి వంటగదిలోనే ఓ మూల వండి ఎవరికో పెట్టేస్తే సరి. వంటగది సూపర్‌వైజరు చాలా మర్యాదగా పలక తిప్పి చూపించాడు. "వంటశాలలో రోగుల ప్రవేశం: సున్నా. ఇది గాని ఒకటైతే, రేపట్నించి నాకు ఉద్యోగం ఉండదండి మాస్టారూ."

"బయట చెట్టు కింద మూడు రాళ్ళు పెట్టి వండుకుంటే?"

"అగ్నిప్రమాదాలు: సున్నా. ఆ గడి వాచ్‌మన్‌ది."

ఆ సాయంత్రం మాస్టారు మొదటిసారిగా అన్నం ముద్ద ముట్టలేదు. కంటి వార్డు నర్సు వచ్చి అడిగితే ఆకలి లేదన్నారు. ఎవరి మీదా కోపం తెచ్చుకోలేదు. వరహాలమ్మ ఆయన్ని నోరు తెరిచి అడిగిన కోరికలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఏటేటా తీర్చవలసింది ఇదొక్కటే.

బుధవారం పొద్దున కంటి వార్డు గడి పసుపైంది. ఆసుపత్రిలో మంచాలన్నీ నిండి ఉన్నాయి. ఒక్క చోట మాత్రం ఖాళీలున్నాయి, అక్కడ 'మంచాల వినియోగం' గడి ఎర్రగా వెలుగుతోంది. రెండు సమస్యలకీ ఒకటే పరిష్కారమని చిదానందంగారికి గోడ మీద టీవీ స్పష్టంగా చూపించింది. ఆ చోటు ప్రసూతి వార్డు. మగవాళ్ళని ప్రసూతి వార్డులో చేర్చకూడదని హెచ్చరించే గడి సాఫ్ట్‌వేరులో ఉంది. అది మరీ తెలిసిన విషయమే కదా అని ఎవరూ పెట్టుకోలేదు.

ప్రసూతి వార్డు సిస్టర్ పైడితల్లి, మాస్టారి మంచం వరండాలో వేయించి చుట్టూ తెర కట్టించింది. మనవరాలికి ఉయ్యాల తాడు సరిచూస్తున్న ఒక ముసలమ్మ తెర పక్కకి తీసి తొంగి చూసింది.

"ఎవుల తాలూకా బాబూ? కూతురా, కోడలా?"

"ఎవరి తాలూకా కాదమ్మా. పేషెంటుని నేనే."

ముసలమ్మ ఆయన్ని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. "మీకేటి ఒచ్చింది?"

"ఇక్కడికి వచ్చాక ఏమొస్తుందో నాకింకా చెప్పలేదమ్మా."

లోపల మంచాల మీద ఉన్న బాలింతలు నవ్వలేక కుట్లు పట్టుకున్నారు. ఆ పూట భోజనంలో ఆయనకి బాలింతలకి పెట్టే కాయం ముద్ద, వెల్లుల్లి కారం, వేడి అన్నం వచ్చాయి. కాయం తింటే నెమ్ము చేసిన ఛాతీకి మంచిదేనని ముసలమ్మ చెప్పింది. రాత్రి తిండి లేని మాస్టారు అంతా తినేశారు.

పళ్ళెం తీయడానికి వచ్చిన పైడితల్లితో ఆయన ఆశ లేకుండానే అన్నారు. "మీ బోర్డులో డిశ్చార్జి ఉండదు కదమ్మా?"

"ఎందుకుండదండి? ఉన్నాది."

మాస్టారు లేచి నిలబడ్డారు.

"మా బాలింతల్ని ఇంటికాడ దించీడానికి బండొస్తాది కదండి. ఆ బండోళ్ళు వేరే శాఖ. డిశ్చార్జి నంబరు నేకపోతే ఇంజను స్టార్టు చెయ్యరు. అందుకని మాకు ఆ గడి సూపరింటెండెంటుగారే బలవంతంగా పెట్టించీసారు. ఎంత గోల పెట్టినా ఇనలేదు."

"అయితే నన్ను పంపించెయ్యమ్మా."

"పంపించీడానికేటండి." ఆవిడ పలక తెరిచి ఆయన చేతి పట్టీ మీద పెట్టింది. పేరు వచ్చింది. వయసు అరవై ఎనిమిది అని వచ్చింది. సాఫ్ట్‌వేరు ఒక్క క్షణం ఆగి, 'ప్రమాదకర గర్భం, ప్రత్యేక శ్రద్ధ అవసరం' అని పసుపు గుర్తు చూపించి, ముందుకు పొమ్మంది. కాన్పు తీరు అడిగింది. పైడితల్లి 'సాధారణం' అని వేసింది. ఆ తర్వాత ఆగిపోయింది.

"బిడ్డ బరువు అడగతంది మాస్టారూ. అది నింపకపోతే ముందుకెళ్ళదు."

"సున్నా వెయ్యమ్మా."

"సున్నా తీసుకోదు. రెండున్నర కిలోలకి తగ్గితే ఎర్రగా అరుస్తాది. పిల్లల డాక్టరుగారొచ్చేస్తారు."

"మూడు కిలోలెయ్యండి సిస్టరుగారూ, బొద్దుగా ఉంటాది" అంది లోపలి నుంచి ఒక బాలింత.

"పోనీ మీ పిల్లలు పుట్టినప్పుడు ఎంతున్నారో సెప్పండి, అదే ఏసీద్దాం" అంది పైడితల్లి.

"మాకు పిల్లలు లేరమ్మా."

పైడితల్లి మూడు అని నొక్కింది. అంతకు ముందు కంటే మెల్లగా అడిగింది. "ఆడా, మగా?"

"ఆడపిల్ల" అన్నారు మాస్టారు. ఎవరైనా అడిగితే చెబుదామని ఎన్నాళ్ళుగానో అట్టేపెట్టుకున్న జవాబులా వచ్చేసింది.

తెర మీద చిన్న పావురం ఎగిరింది. తేజోవర్ధన్ అబద్ధం చెప్పలేదు, నిజంగానే అందంగా ఉంది.

బండి ఎక్కబోతుంటే చిదానందంగారు స్వయంగా వచ్చారు. చేతిలో పసిపిల్లల సబ్బు, దోమతెర, చిన్న దుప్పటి ఉన్న సంచి. "మాస్టారూ, ఈ నెల కాన్పుల లక్ష్యానికి మేము ఒక్కటి తక్కువలో ఉన్నాము. తమరు సహకరించారు. సంస్థ తరఫున అభినందనలు."

ఆయన మొహంలో వేళాకోళం ఇసుమంత కూడా లేదు. మాస్టారు సంచి అందుకుని నమస్కారం పెట్టారు. బండి డ్రైవరు అద్దంలోకి చూడకుండానే రోజూ అడిగే ప్రశ్న అడిగాడు.

"తల్లీ బిడ్డా ఎక్కీసారా?"

"ఎక్కాం నాయనా" అన్నారు మాస్టారు.

గురువారం తెల్లవారగానే ఆయన బజారుకి వెళ్ళి లేత వంకాయలు, చింతచిగురు తెచ్చుకున్నారు. కొత్త కళ్ళజోడుతో చిగురులో పుల్లలు ఏరడం సులువైంది. చింతచిగురు పప్పు, అల్లం పచ్చిమిర్చి పెట్టి వంకాయ కూర, చారు. అన్నం వార్చి, వరహాలమ్మ ఫొటో ముందు దీపం పెట్టి, వీధి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఎండకి వీధిలో పిట్ట కూడా లేదు. గ్యాసు బండి రాలేదు. పోస్టు రాలేదు. మిట్టమధ్యాహ్నం దాటితే అన్నం చల్లారిపోతుంది. ఎదురింటి తలుపు తడదామా అని ఆయన మెట్టు దిగబోతుండగా, సందు మొదట్లో గొడుగు ఒకటి కనిపించింది.

గొడుగు కింద తెల్ల చీర, భుజానికి నీలం రంగు ఐస్ పెట్టె. ఇంటి నంబర్లు చదువుకుంటూ వచ్చి ఆయన ముందే ఆగింది.

"పట్నాల విశ్వేశ్వరరావు అంటే ఈ ఇల్లేనాండి? నాను ఏఎన్నెమ్‌ని, దాలమ్మని. బిడ్డకి టీకా ఎయ్యాలి. బాలింత లోపలున్నారా?"

"బాలింతని నేనే అమ్మా."

దాలమ్మ గొడుగు మూసింది. ఎండని, ఆయన తెల్ల గడ్డాన్ని, చేతిలో పలకని మార్చి మార్చి చూసింది. మాస్టారు జరిగింది జరిగినట్టు చెప్పారు. ఆవిడ నవ్వలేదు. గుమ్మం మీద కూలబడి చెంగుతో మొహం తుడుచుకుంది.

"మీరొక్కరే కాదు బాబూ. నిన్న సాయంత్రం గిలక నుయ్యి అవతల హెడ్డు కానిస్టేబులుగారికి హెర్నియా ఆపరేషనై, ఆయన్నీ అదే వార్డులోంచి పంపించీసారు. కవలలు. ఆయన తలుపు తియ్యకుండా లోపల్నించే తిట్టీసాడు. మీరే నయం."

"అంటే మా గడి నీ దగ్గర ఎర్రగా ఉందన్నమాట."

"ఎర్రగానా? మండతంది."

"ముందు లోపలికి రా అమ్మా. ఎండలో పడి వచ్చావు. భోంచేసి అప్పుడు ఆలోచిద్దాం."

"ఒద్దండి, ఇంకా ఏడిళ్ళు తిరగాలి" అంది గాని, చింతచిగురు వాసన గుమ్మం దాకా వచ్చింది. పొద్దున్న ఎప్పుడో టీ తాగి బయల్దేరిన మనిషి. పెట్టె పక్కన పెట్టి, కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చుంది.

మాస్టారు విస్తరి వేసి వడ్డించారు. వడ్డన ఆయనకి ఇంకా సరిగ్గా రాదు. నెయ్యి పప్పులో పడవలసింది విస్తరి అంచున పడింది. దాలమ్మ వేలితో దాన్ని అన్నంలోకి జరుపుకుంది. నాలుగు ముద్దలు తిని, ఎడం చేత్తో పలక ఒళ్ళోకి లాక్కుంది.

"బిడ్డ ఇక్కడ నేదంటే మరెక్కడున్నాదో సెప్పాలంట. అది సెప్తే ఎరుపు పోతాది. ఇదిగో, మూడున్నాయి. ఆసుపత్రిలో, వేరే ఊళ్ళో, తల్లి దగ్గర. ఏది నొక్కమంటారు?"

మాస్టారు గరిటె పట్టుకునే ఫొటో వైపు తిరిగారు. దీపం వత్తి ఒకసారి చిటపటమని మళ్ళీ నిలకడగా వెలిగింది.

"తల్లి దగ్గరే ఉందమ్మా" అన్నారు.

దాలమ్మ ఆయన చూస్తున్న వైపు చూసింది. ఫొటోని చూసింది. ఏమీ అడగకుండా నొక్కింది.

"పచ్చగైపోయింది" అంది. పలక పక్కన పెట్టి, విస్తరి కొంచెం ముందుకు జరిపింది. "ఆ వంకాయ ఇంకొంచెం ఎయ్యండి బాబూ."